‘ఫైరింగ్ ఇచ్చాడు’ని ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ఒక జిల్లా కోర్టులో 31 ఏళ్లు ట్రాన్స్‌లేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ నంబరు పడిన పాత ఉత్తరాలు, అన్నీ హైకోర్టుకు వెళ్లేముందు నా టేబుల్ మీదికి వచ్చేవి. “జనం తెలుగులో తిట్టుకున్నారు, నువ్వు ఇంగ్లీషులో రాసి జీతం తీసుకున్నావు” అని మా ఆయన ఇప్పటికీ వెక్కిరిస్తుంటారు. పోయిన నెల ఇంగ్లీషులో మర్యాద మాటల గురించి రాశాను. “మర్యాద సరే, అమర్యాదకు మాటలేవి?” అంటూ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. 20న వేయాల్సిన జీఎస్టీ రిటర్న్ 21న వేశాను. తప్పు నాదే. దానికి మా మేనేజరు ఆరుగురి ముందు నిలబెట్టి, “నీకిచ్చే జీతం దండగ. ఇంట్లోవాళ్లు నిన్నెలా భరిస్తున్నారో!” అని అరిచాడు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలి. ‘రూడ్’ అని రాస్తే చప్పగా ఉంది. థెసారస్ తీస్తే నలభై మాటలు కనబడ్డాయి. ‘అబ్యూజ్’ అని రాయొచ్చా? ఇంకా గట్టి పదం ఉందా? మా ఆఫీసులో అందరం ‘ఫైరింగ్ ఇచ్చాడు’ అంటాం, దాన్నే రాసేయొచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఫైరింగ్ సంగతి తేల్చేద్దాం, బాబూ. మా చెల్లెలి కొడుకు పుణేలో పనిచేస్తాడు. ఒకరోజు అమెరికాలో ఉన్న తన టీమ్ వాళ్లకి చాట్‌లో ‘మా మేనేజర్ ఈరోజు నన్ను ఫైర్ చేశాడు’ అని ఇంగ్లీషులో పెట్టాడు. అరగంటలో ఓదార్పులు మొదలయ్యాయి. ఒకావిడ రెజ్యూమె పంపమంది. ఇంకొకాయన ఇంటి అద్దెకి డబ్బులున్నాయా అని అడిగాడు. వాడికి పడింది చీవాట్లు, వాళ్లకు అర్థమైంది ఉద్యోగం ఊడిందని. ఇంగ్లీషులో ‘ఫైర్’ అంటే తీసేయడమే. మన ఫైరింగు మన ఆఫీసుల గేటు దాటదు.

ఇక థెసారస్. 1852లో రోజెట్ అనే డాక్టరుగారు దాన్ని మొదటిసారి అచ్చు వేయించారు. ఒకే చుట్టరికం ఉన్న మాటల్ని ఒక గదిలో కూర్చోబెట్టారు కానీ అందరూ ఒక్కరే అని ఆయన అనలేదు. మేనమామనీ మేనబావనీ కలిపి ‘బంధువులు’ అంటాం. అలాగని పెళ్లిపీటల మీద ఒకరి బదులు ఇంకొకరిని కూర్చోబెట్టం కదా.

నీ నలభై మాటల్లో కొన్ని చూద్దాం. ‘స్కోల్డ్’ అనేది అమ్మ పిల్లాడిని కోప్పడే మాట. ముప్పయ్యేళ్లవాడు తన గురించి రాసుకుంటే నవ్వొస్తుంది. ‘అడ్మానిష్’ మందలింపు. అందులో కోపంకన్నా బుద్ధి చెప్పడం ఎక్కువ. ‘రెప్రిమాండ్’ మాత్రం జాగ్రత్త. అది పైఅధికారి అధికారికంగా చేసే మందలింపు. ‘నన్ను రెప్రిమాండ్ చేశాడు’ అని నువ్వే రాస్తే, నువ్వు తప్పు చేశావు, ఆయన తన డ్యూటీ చేశాడు అని ఒప్పుకున్నట్టే. నీ ఫిర్యాదులో ఆయన్ని నువ్వే గెలిపిస్తావు. ‘బిరేట్’ అంటే నిలబెట్టి కడిగేయడం, కోపంగా, చాలాసేపు. జరిగినదానికి ఇది దగ్గర. ‘డ్రెస్సింగ్ డౌన్’ అని ఇంకొకటుంది, దానికీ బట్టలకీ ఏ సంబంధమూ లేదు. ఘాటైన చీవాట్లు అని అర్థం, కొంచెం మాటల్లో వాడే ధోరణి. మన ‘తోలు తీస్తా’కి లాటిన్ అక్క ఒకతి ఉంది, ‘ఎక్స్‌కోరియేట్’. అందులోని ‘కోరియం’ అంటే తోలే. పుస్తక సమీక్షల్లో, ఎడిటోరియల్స్‌లో కనిపిస్తుంది. హెచ్‌ఆర్ మెయిల్‌లో రాస్తే నువ్వు నిఘంటువు మింగావనుకుంటారు.

‘అబ్యూజ్’ రాయొద్దు. ఆయన బూతు మాట వాడలేదని నీ ఉత్తరమే చెబుతోంది. మన దగ్గర ఈ మాటను పోలీస్ స్టేషన్లు పెంచి పోషించాయి. ‘అబ్యూజ్డ్ ఇన్ ఫిల్తీ లాంగ్వేజ్’ అన్న ముక్క నేను నా సర్వీసులో కొన్ని వేలసార్లు టైపు చేసి ఉంటాను. అలా అరిగి అరిగి, మన ఇంగ్లీషులో అబ్యూజ్ అంటే తిట్టు అయి కూర్చుంది. మీ కంపెనీకి బయటి దేశంలో ఆఫీసు ఉంటే వాళ్లు వేరేగా చదువుతారు. దాని సంగతి కింద ఒక తల్లి ఉత్తరంలో వస్తుంది.

నీకు కావలసింది ‘హ్యుమిలియేట్’. లాటిన్‌లో ‘హ్యూమస్’ అంటే నేల. కుండీల్లో మొక్కలు పెంచేవాళ్లకి ఆకులు కుళ్లి అయిన ఆ నల్లమట్టి పేరుగా తెలిసిన మాటే. మనిషిని ఆ నేల దాకా దించడం అన్నమాట. ఈ మాటకు సాధారణంగా చూసేవాళ్లు కావాలి. గదిలో ఒంటరిగా పిలిచి ఇదే అని ఉంటే ‘ఇన్సల్ట్’ సరిపోయేది. ఆరుగురు చూశారు కాబట్టి ఇది దక్కింది. ఇంట్లోవాళ్ల మాట ఎత్తడానికి ‘డిమీనింగ్’ అను. పనిని వదిలేసి మనిషి విలువ తగ్గించేదని దాని అర్థం.

కానీ ఇవన్నీ మెయిల్‌లో మూడో వాక్యంలో రావాలి. మొదటి వాక్యంలో తేదీ, టైము, ఎవరెవరు ఉన్నారో రాయి. రెండో వాక్యంలో ఆయన అన్న మాటలు రాయి, తెలుగులో అంటే తెలుగులోనే, పక్కన అర్థంతో. రిటర్న్ ఒకరోజు లేటయిందనీ నువ్వే చెప్పు, ఆయన చెప్పేదాకా ఆగకు. మెయిల్ చదివే హెచ్‌ఆర్ అమ్మాయికి ‘టార్చర్’, ‘టాక్సిక్’ అన్న మాటలు వారానికి పది కనిపిస్తాయి. ‘టాక్సిక్’ని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2018లో ఆ ఏటి మాటగా ప్రకటించారు, అప్పటినుంచి అది చలిజ్వరానికీ క్యాన్సర్‌కీ ఒకే గోలీ అయింది. ‘ఇంట్లోవాళ్లు నిన్నెలా భరిస్తున్నారో’ అన్న వాక్యం మాత్రం ఆ అమ్మాయికి ఒక్క నీ మెయిల్‌లోనే కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఇంగ్లీషు సార్ నా వ్యాసంలో ‘హీ టాక్డ్ రాష్లీ’, ‘ఐ ఫెల్ట్ ఎ లాట్’ అన్న రెండింటికీ ఎర్రగీత కొట్టారు. ర్యాష్‌గా మాట్లాడాడు అని అందరూ అంటారు కదండీ? – డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: అంటారమ్మా, తెలుగులో మాట్లాడేటప్పుడు. అక్కడ అది తెలుగు మాటే. ఇంగ్లీషులో ‘రాష్’ అంటే దుడుకు, ముందూవెనకా చూడకపోవడం. నువ్వు రాసింది చదివితే అతను తొందరపడి నోరు జారాడని వస్తుంది. నువ్వు చెప్పదలచుకుంది అతను నీతో దురుసుగా మాట్లాడాడని. ‘రూడ్’ చాలు. ‘ఫీలయ్యాను’ కూడా అంతే. ఇంగ్లీషులో ఏమి ఫీలయ్యావో చెప్పకపోతే వాక్యం తలుపు దగ్గరే ఆగిపోతుంది. ‘హర్ట్’ అయ్యావా, ‘స్లైటెడ్’ అయ్యావా? రెండోది మన ‘చిన్నబోవడం’. పెళ్లికి వెళ్తే అందరికీ బొట్టు పెట్టి నీకు పెట్టలేదనుకో, అప్పుడు కలిగేది అదే.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. రూమ్మేటు, వీడు గొడవపడ్డారు. ఆ అబ్బాయి అమ్మనీ అక్కనీ కలిపి తిట్టాడట. వీడు యూనివర్సిటీ హౌసింగ్ వాళ్లకి ‘నా రూమ్మేట్ నన్ను అబ్యూజ్ చేశాడు’ అని మెయిల్ పెట్టాడు. మర్నాటికల్లా ఇద్దరు వచ్చి, నీకు ఇక్కడ భద్రంగా ఉందా, గది మార్చమంటావా, డాక్టరు కావాలా అని అడిగారట. ఆ అబ్బాయిని వేరే పిలిచి కూర్చోబెట్టారట. వీడికి టెన్షన్, నాకు నిద్ర లేదు. అంత మాట ఏమన్నాడమ్మా మావాడు? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి తెలుగువాడి ఇంగ్లీషు రాశాడు, వాళ్లు అమెరికావాళ్ల ఇంగ్లీషు చదివారు. అంతే జరిగింది, కంగారు పడకండి. అక్కడ ఒక మనిషి ఇంకో మనిషిని ‘అబ్యూజ్’ చేశాడంటే ముందు తట్టేది చెయ్యి చేసుకోవడం, లైంగికంగా హింసించడం, లేదా నెలల తరబడి మనసు నలిపేయడం. ఒక్క రాత్రి తిట్లు ఎవరికీ తట్టవు. అలాంటి మాట చెవిన పడితే పైకి చెప్పి తీరాలని చాలా యూనివర్సిటీల్లో ఉద్యోగులకు రూలు ఉంటుంది. వాళ్లు రాకపోతేనే తప్పయ్యేది.

ఇప్పుడు మీవాడు చేయవలసింది ఒకటే, ఉన్నది ఉన్నట్టు చిన్న మెయిల్. ‘స్వోర్ ఎట్ మీ’ అంటే బూతులు తిట్టాడని. ‘కాల్డ్ మీ నేమ్స్’ అన్నా నడుస్తుంది కానీ అది కాస్త మెత్తన, గాడిద, వెధవ వరకూ సరిపోతుంది. అమ్మను తిట్టాడని చెప్పాలంటే అదే చెప్పమనండి, ‘మా అమ్మ గురించి అసభ్యంగా మాట్లాడాడు’ అని. ‘వెర్బల్లీ’ అన్న మాట ముందు చేర్చితే అబ్యూజ్ కాస్త నోటికే పరిమితమవుతుంది, అయినా నేనైతే వాడను.

ఇంకొకటి కూడా చెప్పండి. మనం ‘నా మీద అరిచాడు’ అంటాం, అందుకని మన పిల్లలు ‘షౌటెడ్ ఆన్ మీ’ అని రాస్తారు. ఇంగ్లీషువాడికి అది మీద కూర్చుని అరిచినట్టుంటుంది. ‘ఎట్ మీ’ అనాలి. ‘షౌటెడ్ టు మీ’ అంటే దూరంగా ఉన్నవాడికి వినబడాలని కేకేయడం, అందులో కోపం లేదు. ర్యాగింగ్ అన్న మాట కూడా అక్కడ వాడొద్దనండి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి 1997లోనే చట్టం వచ్చింది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి, అమెరికాలో మాత్రం ‘హేజింగ్’ అంటేనే తెలుస్తుంది.

మీరు పడుకోండమ్మా. పిల్లలిద్దరూ ఈపాటికి కలిసి మ్యాగీ వండుకుని ఉంటారు.

ప్రశ్న: మేడమ్, మా అత్తగారు తిట్టరు. నోట్లోంచి ఒక్క చెడ్డమాట రాదు. మొన్న గుత్తివంకాయ చేశాను. తిని, “పర్వాలేదమ్మా, హోటళ్లలో కూడా ఇలాగే చేస్తారు” అన్నారు. మా పాపకి జలుబు చేస్తే, “మా పిల్లలకి జలుబంటే తెలీదు, మేం చదువుకోలేదు కదా” అన్నారు. బెంగళూరులో నా పక్క ఫ్లాట్ అమ్మాయి మలయాళీ, ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. ఆమెకి ఇది చెప్పబోతే మాట దొరకదు. ‘షీ ఇన్సల్ట్స్ మీ’ అంటే, “ఏమంది?” అని అడుగుతుంది. చెబితే, “దాంట్లో ఏముంది?” అంటుంది. సూటిపోటి మాటలకు ఇంగ్లీషులో పేరుందా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి ఆడపడుచు

జవాబు: నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గుత్తివంకాయ దగ్గర ఆగి నవ్వుకున్నాను కూడా, ఏమీ అనుకోకు. అంత చక్కగా కొట్టడం అందరికీ రాదు.

ఆ మాటకి ఇంగ్లీషులో సరిగ్గా సరిపోయే పేరుంది, ‘బ్యాక్‌హ్యాండెడ్ కాంప్లిమెంట్’. పైకి మెచ్చుకోలు, వెనక దెబ్బ. మీ మలయాళీ స్నేహితురాలికి ఈ ఒక్క మాట చెప్పు, “దాంట్లో ఏముంది” అని మళ్లీ అడగదు.

జలుబు మాట వేరే జాతి. “మేం చదువుకోలేదు కదా” అన్నప్పుడు నీ చదువుని పొడిచారు. అది ఎత్తిపొడుపు, ఇంగ్లీషులో ‘డిగ్’. గునపంతో ఒక్క పోటు. కొంచెం విషం కలిసి, పక్కవాళ్లకి వినపడీ వినపడనట్టు అంటే ‘స్నైడ్ రిమార్క్’. దెప్పడానికి ‘టాంట్’ ఉంది. మన దెప్పడంలో పాత తప్పునో లోటునో ఎత్తిచూపడం ఉంటుంది, పుట్టింటివాళ్లు పెట్టిన చీరల సంగతి, ఇంటర్‌లో తప్పిన మార్కుల సంగతి. టాంట్‌లో రెచ్చగొట్టాలన్న ఉద్దేశం ఎక్కువ. పూర్తిగా అతకదు కానీ పెళ్లిచూపులకి సరిపోతుంది. సాధించడానికి రెండున్నాయి. “గ్యాస్ కట్టావా, గ్యాస్ కట్టావా” అని పొద్దస్తమానం అంటే ‘న్యాగ్’. ఒకేచోట సూదితో గుచ్చినట్టు గుచ్చితే ‘నీడిల్’. మన ‘సూటిపోటి’లో పోటు ఉంది, వాళ్ల మాటలో సూది ఉంది.

పుల్లవిరుపుగా మాట్లాడితే ‘కర్ట్’. పొట్టిగా కత్తిరించింది అని లాటిన్ అర్థం, పుల్ల విరిచినట్టే. కసిరితే ‘స్నాప్’. “పాపం, నీకేం తెలుసులే” అని జాలిపడినట్టు మాట్లాడితే ‘పేట్రనైజింగ్’, మెట్టు దిగివచ్చి పలకరించినట్టుంటే ‘కాండిసెండింగ్’. నువ్వు చెప్పింది సగం వినకుండానే చెయ్యి ఊపితే ‘డిస్మిసివ్’. తీసిపారేసినట్టు మాట్లాడటం అని మనమంటామే, దానికి అచ్చు ఇదే. వెటకారానికి ‘సార్కాజమ్’. దాని గ్రీకు వేరుకి మాంసం పీకడమని అర్థం. గోదావరి జిల్లాలో పుట్టినదానివి, నీకు వివరించక్కర్లేదు.

చిన్నబుచ్చడం అన్న మాటకి నాకిష్టమైన జోడీ ‘బిలిటిల్’. మనది చిన్న, వాళ్లది లిటిల్. దీన్ని మొదట రాతలో పెట్టినవాడు అమెరికాకి తర్వాత ప్రెసిడెంటయిన జెఫర్సన్ అంటారు, 1780ల్లో. ఐరోపా జంతువులకన్నా అమెరికా జంతువులు చిన్నవని ఒక ఫ్రెంచి పండితుడు రాస్తే, మా దేశాన్ని ఇలా చిన్నబుచ్చుతారా అని కోపమొచ్చిన సందర్భంలో పుట్టింది. లండన్‌లో ఒక పత్రిక ఈ మాటని చూసి, ఇదేం ఇంగ్లీషు అని ఎగతాళి చేసిందట. చిన్నబుచ్చడం అన్న మాటనే చిన్నబుచ్చారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ‘మోర్డంట్’ అని ఒకటుంది, కొరికే మాట. కొరకడానికి ఫ్రెంచి మాటలోంచి వచ్చింది. ఇదే మాట అద్దకంవాళ్లు కూడా వాడతారు. మా పిన్నిగారిది పెడన. కలంకారీ గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు, తర్వాత పటిక కలిపిన అద్దకం వేస్తారు. ఆ పటికే మోర్డంట్. అది నూలుని కొరికి పట్టుకుంటుంది కాబట్టే ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు పోదు. మీ అత్తగారి హోటలు మాట అలాంటిదే, నాకూ ఇక మరుపుకు రాదు.

ఒక సంగతి వృత్తిరీత్యా చెప్పాలి. ఇలాంటివి ముదిరి కోర్టు దాకా వచ్చిన కేసుల్లో ఫిర్యాదు ఎప్పుడూ ఒకేలా ఉండేది, ‘శారీరకంగా, మానసికంగా హింసించారు’ అని. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు, ఏమీ ఉండదు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే వాక్యం. ఇలాంటివాటిని సుప్రీంకోర్టు 2022 నాటి ఒక తీర్పులో ‘జనరల్ అండ్ ఆమ్నిబస్’ ఆరోపణలంది. మనం ఎక్కే బస్సు ఆ ఆమ్నిబస్ తోకే, ఎవరినైనా ఎక్కించుకునేది. నిజంగా నలిగిన ఆడపిల్లల కేసులు కూడా ఆ బస్సులో ఎక్కి తప్పిపోవడం నేను కళ్లారా చూశాను. నీది అంత దూరం వెళ్లే వ్యవహారం కాదు, దేవుడి దయ. అయినా ఆ మాటలు నువ్వు ఎంత కచ్చితంగా గుర్తుపెట్టుకుని రాశావో చూసి ముచ్చటేసింది.

ప్రశ్న: నమస్కారం మేడమ్. జూనియర్ లాయర్ని. మా క్లయింటుకి అరవై దాటాయి. కొడుకు వయసువాడు ఊరి రచ్చబండ దగ్గర ‘ఏరా, నువ్వెవడివిరా’ అన్నాడని ఫిర్యాదు. ఇంగ్లీషులో పెడితే ‘హే, హూ ఆర్ యూ’ అని వస్తోంది! మా సీనియర్ నవ్వుతున్నారు. – కర్నూలు

జవాబు: మీ సీనియర్ నవ్వితే నవ్వనివ్వండి, ఆ గండం నేనూ దాటినదాన్నే. సర్వీసులో చేరిన రెండో నెలలో ఇలాంటి వాంగ్మూలమే వచ్చింది. ఒక పెద్దాయనని కుర్రాడు ‘ఏరా’ అన్నాడు. నేను ‘హీ అబ్యూజ్డ్ మీ’ అని రాశాను. మా హెడ్ ట్రాన్స్‌లేటరుగారు ఎర్ర సిరా పెన్నుతో దాని మీద గీత కొట్టి, “తిట్టు ఎక్కడుందమ్మా ఇందులో? చూపించు” అన్నారు. తిరగరాసి ‘హీ ఇన్సల్టెడ్ మీ’ అని తీసుకెళ్లాను. దానికీ గీత. “అది ఆయనకి అనిపించింది. అన్న మాట ఏది?” మూడోసారి కాగితం పెట్టినప్పుడు ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని రాయించారు. ‘ఏరా’ అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచి, దాని పక్కన ఒక ముక్క: చిన్నపిల్లలనీ పనివాళ్లనీ పిలిచే పిలుపు, పెద్దవాళ్లని అలా పిలవడం అవమానం. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్లముందుంది, రెండు ఎర్రగీతలూ దాని కింద నీలం సిరా.

ఇంగ్లీషుకి ‘యూ’ ఒక్కటే. కలెక్టరుకీ కుక్కపిల్లకీ అదే. మనకి నువ్వు, మీరు, తమరు, ఏరా, ఏమే, ఒరేయ్ అని అన్ని మెట్లున్నాయి, ఒక్కో మెట్టు నుంచి తోస్తే ఒక్కో దెబ్బ. ఆ దెబ్బని ఇంగ్లీషు క్రియలో ఇరికించలేం. తెలుగు మాటని ఉంచి అర్థం చెప్పాల్సిందే.

మీరు చట్టం చదివినవారు, అయినా గుర్తు చేస్తాను. ఐపీసీలో సెక్షన్ 504 ఉండేది, 2024 జూలై 1 నుంచి దాని చోటులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 352. అక్కడ ఇన్సల్ట్ ఒక్కటే చాలదు, ఎదుటివాడు రెచ్చిపోయి శాంతిభద్రతలు చెడాలన్న ఉద్దేశమో, చెడతాయన్న ఎరుకో ఉండాలి. మీ క్లయింటు ఎస్సీనో ఎస్టీనో అయి, అవతలివాడు ఆ రెండూ కాకపోతే లెక్క మారుతుంది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ‘హ్యుమిలియేట్ చేయాలనే ఉద్దేశంతో ఇన్సల్ట్ చేయడం’ ఒక క్లాజు, ‘కులం పేరుతో అబ్యూజ్ చేయడం’ ఇంకో క్లాజు. మూడు మాటలూ ఒకటి కాదని పార్లమెంటే విడదీసి చెప్పింది. రెండింటికీ ‘పబ్లిక్ వ్యూ’ కావాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు అన్నది దాని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అందుకని రచ్చబండ అన్న ముక్క, అక్కడ ఎవరెవరు కూర్చున్నారన్న ముక్క వదలకండి. ఏ మాట అన్నాడో సిగ్గుపడి చుక్కలు పెట్టకండి. చుక్కల్ని ఏ కోర్టూ చదవలేదు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి అబ్బాయి ప్రోగ్రెస్ కార్డులో ‘అరోగెంట్’ అని రాశాను. తల్లిదండ్రులు వచ్చి గొడవ. మరి ఏం రాయను? ఎదురు మాట్లాడతాడండీ. – ఒక టీచరు, నల్గొండ

జవాబు: అదే రాయండి, ‘ఆన్సర్స్ బ్యాక్’ అని. అది మాన్పించగలిగిన అలవాటు. ‘అరోగెంట్’ అంటే వాడి స్వభావం మీద తీర్పు. ఆ కార్డు వాళ్లమ్మ బీరువాలో ముప్పయ్యేళ్లు ఉంటుంది.

ప్రశ్న: ‘బ్లంట్’ తిట్టా, పొగడ్తా? ‘హార్ష్’కీ దానికీ తేడా? – నెల్లూరు

జవాబు: నాకు సరదా పుట్టించే జోడీ ఇది. మనవాళ్లు ఉన్నమాట మొహం మీద చెప్పేవాణ్ని ‘ముక్కుసూటి మనిషి’ అంటారు. ఇంగ్లీషువాళ్లు అదే మనిషిని ‘బ్లంట్’ అంటారు, అంటే మొద్దుబారిన కత్తి. మనకి సూదిగా కనిపించింది వాళ్లకి మొద్దుగా కనిపించింది. తిట్టు కాదు, పూర్తి పొగడ్తా కాదు. మెచ్చుకోవాలంటే ‘ఫ్రాంక్’ అనండి. ‘బ్రస్క్’ అంటే తొందరలో మర్యాద మరిచినవాడు, ఓపీలో నూటయాభై మందిని చూసే డాక్టరు లాగా. మాటల్లో దురుద్దేశం ఉండదు. ‘రూడ్’కి మూలం పచ్చిగా, చెక్కకుండా వదిలేసిందని, మన ‘మొరటు’. ‘హార్ష్’ మాత్రం గరుకు, తాకితే గీసుకునేది. కరుకు మాట అంటామే, అదే. ఇది మనిషికే కాదు, శిక్షకీ ఎండకీ కూడా వాడతారు. ఒక మాట నిజమై ఉండి కూడా హార్ష్ కావచ్చు. ఇన్సల్ట్‌కి నిజంతో పనే లేదు.

పలకడం గురించి ఇద్దరు అడిగారు. ‘ఇన్సల్ట్’ నామవాచకమైతే ఒత్తు ‘ఇన్’ మీద, క్రియ అయితే ‘సల్ట్’ మీద. ‘హెరాస్‌మెంట్’లో ఒత్తు మొదటి అక్షరం మీద పెట్టేవాళ్లున్నారు, రెండోదాని మీద పెట్టేవాళ్లున్నారు, రెండూ ఒప్పే.

ప్రశ్న: అన్నేళ్ల సర్వీసులో మీరు ఇంగ్లీషు చేయలేకపోయిన తిట్టు ఏదైనా ఉందా? – ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఉంది. ఒక ముసలమ్మ వాంగ్మూలం. కుర్రాడి మీద దొంగతనం కేసు. వాణ్ని చిన్నప్పటినుంచి ఎత్తుకు పెంచిన పొరుగింటి అవ్వ ఆమె. “ఆ రాత్రి వాడు మా అరుగు మీదే పడుకున్నాడు. పొద్దున్నే నేనే లేపాను, ‘లేవరా దొంగ సచ్చినోడా, కాఫీ తాగు’ అని” అని చెప్పింది. వాడు ఆ రాత్రి వేరేచోట లేడనడానికి అదొక్కటే సాక్ష్యం. దొంగతనం కేసులో ‘దొంగ’ అన్న మాట ఇంగ్లీషులో పెడితే ఏమవుతుందో చూడండి! చచ్చిన దొంగ అని రాయాలా, వెధవ అని రాయాలా, నాన్నా అని రాయాలా? అర్థం చూస్తే మొదటిది, ఆమె గొంతు చూస్తే మూడోది. తెలుగు మాటని అలాగే ఉంచి పక్కన బ్రాకెట్ తెరిచాను. సాయంత్రం అయిదున్నర దాకా ఆ బ్రాకెట్ మూయలేకపోయాను. చివరికి ‘ప్రేమగా పిలిచే పిలుపు’ అని రాసి హెడ్ ట్రాన్స్‌లేటరుగారి టేబుల్ మీద పెట్టాను. ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు, కాసేపు చూశారు, మళ్లీ మూత పెట్టి సంతకం చేశారు.